నా చీర ఎవరు కట్టుకున్నారు?

నా పేరు వెంకటలక్ష్మమ్మ, వయసు డెబ్బై రెండు, ధర్మవరంలో మనవరాలు శ్రావణితో ఉంటాను. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. డిగ్రీ ప్రాజెక్టుకు విషయం దొరకలేదని ఈ రోజంతా ఫోనులో వెతికింది. విసుగొచ్చి కసిరాను.

"దాంట్లో యాడుంటాదే? నీకేం తెలుసుకోవాలని ఉండాదో అది పట్టుకో!"

"నీకేం తెలుసుకోవాలని ఉండాది అవ్వా?" అంది.

ఇన్నేళ్లలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. నలభై ఏళ్లు పట్టుచీరలు నేశాను. ఒక్కటైనా ఒక ఆడమనిషి కట్టుకోగా చూడలేదు.

"నా చీరలు ఎవురు కట్టుకున్న్యారో" అన్నాను. శ్రావణి ప్రాజెక్టుకు అదే విషయంగా రాసుకుంది.

సంతకం రాదు కాబట్టి ప్రతి చీర కొంగు చివర ఒక పచ్చ పోగు వేసేదాన్ని. ఇది చదివే అమ్మల్లారా, బీరువాలో దాచింది చాలు, మీ పట్టుచీరల కొంగులు తిరగేసి చూడండి. ఆ పోగు ఉంటే, ఆ చీర కట్టుకుని ఎక్కడికి వెళ్లారో చెప్పండి.

నా గుర్తు: పచ్చ పోగు.
సాక్షులు: మనవరాలు శ్రావణి, పక్కింటి ఓబుళమ్మ.