ఖాళీ చేయించిన తొట్టి

ఇంకా ఈదుతున్నవాటిని పారబోయమని చెప్పాలంటే మనిషికి ఎంత నమ్మకం ఉండాలి? ఈ ప్రశ్నను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. అడగాల్సిన మనిషి ఒక్కరే, మా మేడమ్. పోయిన నెల ఒక ఉదయం ఆమె చెల్లెలు ఫోన్ చేశారు. "బిడ్డా, అక్క ఇగ లేదు. చాయ్ తాగింది, గట్లనే ఒరిగింది" అన్నారు.

చదువయ్యాక నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆ మేడమే. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, మూడో అంతస్తులో రెండు గదుల ల్యాబ్. కోస్తాలో రొయ్య పిల్లలను తొట్లలో పెంచే హేచరీలుంటాయి. అక్కడ పిల్ల చావడం మొదలైతే పిల్లతో సహా ఆ నీళ్లను సీసాల్లో నింపి, థర్మకోల్ డబ్బాలో పెట్టి బస్సెక్కించేవారు. పొద్దున్నే ఎల్బీ నగర్‌లో దింపుకోవడం మా పని. సముద్రం లేని ఊళ్లో సముద్రపు జబ్బులేమిటని మా ఇంట్లో నవ్వేవారు.

డబ్బా కోసం మేడమ్ స్వయంగా వచ్చేవారు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని, గతుకు వస్తే రెండు చేతులా పైకెత్తి పట్టుకునేవారు. ఒకసారి ఆటో అతను వెనక్కి తిరిగి, "ఏంది మేడం, రొయ్యలా? కూర ఒండుతరా?" అన్నాడు.

"కూరకు గాదు నాయనా, దవాఖానకొచ్చినయ్. జర మెల్లగ పోనియ్."

ఆమెది పోచంపల్లి వైపు నేత కుటుంబం, నూలుకు రంగులద్దే ఇల్లు. మేం జెల్లీ పరిచిన గాజు ప్లేట్ మీద పూసిన నీటిలోంచి బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా పైకి వచ్చేది, కొన్ని పసుపు, కొన్ని ఆకుపచ్చ. నేను సాయంత్రానికే తొంగిచూసి ఏదో చెప్పబోతే ఆపేవారు. "తడి మీద రంగు నమ్మొద్దే. ఆరినంక మాట్లాడు." మర్నాడు ప్లేట్ చూడనిదే ఎవరికీ ఏమీ చెప్పేవారు కాదు, హేచరీల వాళ్లు ఫోన్లో ఎంత విసుక్కున్నా సరే. ఈ పని నాకు కాస్త చేతనైందంటే ఆ మాట వల్లే.

ఒక్కసారి మాత్రం ఆమె ఆగలేదు.

ఆ రోజు డబ్బాతో పాటు హేచరీ యజమానే బస్సు దిగాడు. మేడమ్ కిటికీలకు నల్లగుడ్డ కట్టి, లైటు తీసి, సీసాను కదిపారు. నీళ్లు నీలంగా వెలిగాయి. వెంట్రుకంత పిల్లల ఒళ్లన్నీ వెలుగే, లోపల చేరిన బ్యాక్టీరియాది. అంత అందమైన జబ్బును నేను అంతకుముందు చూడలేదు.

"తొట్టి ఖాళీ చెయ్యి. బ్లీచింగ్ కొట్టు" అన్నారు మేడమ్, లైటు వేయకముందే.

"అదేంటమ్మా! సగం పిల్ల ఇంకా ఈదుతోందండీ. ఏదన్నా మందు చెప్పండి."

"మందేస్తే ఇయ్యాల ఈదుతయ్. రేపు గా పిల్లను కొన్నోళ్ల చెరువులేం గావాలె?"

"మీరు పెంచలేదు కదండీ, ఎన్నయినా అంటారు."

మేడమ్ చాయ్ తెప్పించారు, అతను ముట్టలేదు. మా ముందే ఊరికి ఫోన్ చేసి, "తీసెయ్యండ్రా" అన్నాడు.

మర్నాడు ప్లేట్లో వెలిగే చుక్కలు ఉన్నాయి, కానీ నేను అనుకున్నన్ని లేవు. వెలిగేదల్లా చంపేది కాదని నాకు నేర్పింది కూడా మేడమే. "ఒక్కరోజు ఆగి ఉంటే?" అన్నాను. ఆమె ప్లేట్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు. "ఆగితే పక్క తొట్లకు అంటుతుండె" అన్నారు. ప్లేట్ కిందికి దించి, "ఏమో, అంటకపోతుండె గావచ్చు" అన్నారు.

ఆ హేచరీ నుంచి మళ్లీ డబ్బా రాలేదు. ఆ తర్వాత ఎల్బీ నగర్‌లో ఆ ఊరి బస్సు ఎప్పుడు వచ్చినా, వేరే హేచరీ పంపిన డబ్బా చేతికి అందాక కూడా, చివరి ప్రయాణికుడు దిగేదాకా మేడమ్ అక్కడే నిలబడేవారు. మెట్రో వచ్చి చౌరస్తా గుర్తుపట్టలేనంత మారినా ఆ నిలబడటం మానలేదు. ఎవరికోసమని నేనూ అడగలేదు. ఇప్పుడు ఆమె పక్కన ఇంకొక్కసారి అలా నిలబడాలనిపిస్తుంది, ఏమీ అడగకుండానే.

ల్యాబ్ ఇప్పుడు నేను చూస్తున్నాను. కర్మకాండలు ముగిసిన మర్నాడు ఒక హేచరీ నుంచి ఒకామె ఫోన్ చేసింది. తొట్టి చీకట్లో వెలుగుతోందట. "ఉంచమంటారా, తీసెయ్యమంటారా మేడమ్?" అంది. ఆ పిలుపు నాకేనని గ్రహించడానికి ఒక క్షణం పట్టింది.

ఆ రోజు మేడమ్ ఆగకపోవడం సరైనదో కాదో నేను ఇంకా తేల్చుకోలేదు. ఆగడం జాగ్రత్తో పిరికితనమో కూడా నాకు తెలియదు. ఫోన్ చేసినామెను ఒక్క నిమిషం ఉండమన్నాను. అటువైపు తొట్టిలో గాలిబుడగలు లేస్తున్న చప్పుడు, ఎడతెగకుండా, ఫోన్లో వినిపిస్తోంది.