వీపున వేసుకోని సంచి

కాలేజీ రోజుల్లో నేను డిస్కస్ విసిరేదాన్ని. నాలుగు డిస్కులు, బూట్లు, నీళ్ల సీసా, అన్నీ ఒక్క భుజానికే తగిలించుకుని ఏళ్ల తరబడి తిరిగాను. ఆ భుజం ఇప్పటికీ చలికాలంలో పీకుతుంది. అందుకే సంచుల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నా గర్వం. పులివెందులలో ఆటల టీచరుగా చేరాక అది ఇంకాస్త ముదిరింది.

మా నాయన అర్చకుడు. ఇల్లు జమ్మలమడుగులో, గుడి అరగంట బస్సు దూరంలో ఒక పల్లెలో. గుడిలో ఒకసారి దొంగలు పడ్డప్పటి నుంచీ సాలగ్రామాల పెట్టె, గంట, ఇత్తడి సామాను రోజూ ఇంటినుంచే గుడ్డసంచిలో మోసుకుపోయి, మళ్లీ తెచ్చుకునేవాడు. డెబ్భై దాటాక నడుం వంగింది. ప్రొద్దుటూరు డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముకలు గుల్లబారాయన్నాడు. ఒక్కసారి పడితే మళ్లీ లేవడం కష్టమన్నాడు. గుడి మానేయమంటే నాయన వినడు. మోయక తప్పదంటే రెండు పట్టీలుండే తేలికపాటి సంచి తెచ్చుకుని వీపుకు వేసుకోమన్నాడు డాక్టరు.

సంచి అనగానే నాకు హుషారొచ్చింది. ఆ ఆదివారమే ప్రొద్దుటూరులో ఆటసామాన్ల అంగడికి పోయాను. ఉన్న సంచులన్నీ కిందికి దింపించాను. కుట్లు గోటితో లాగి చూశాను. జిప్పు పాతికసార్లు తీసి వేశాను. పట్టీ లోపలి దూది వేళ్లతో నొక్కి చూశాను. అంగడాయన నవ్వాడు.

“ఏందిమ్మా, పెండ్లిచూపులకు వచ్చినట్ల చూస్తాండావు?”

“మా నాయన నడుం దీనిమీదే ఉందప్పా” అన్నాను.

చివరికి ఒక బూడిదరంగు సంచి నచ్చింది. ఖాళీగా ఉంటే చిటికెనవేలితో ఎత్తొచ్చు. అంగట్లోవే నాలుగు డిస్కులు అందులో వేసి, వీపుకు తగిలించుకుని, మేడమెట్లు ఎక్కి దిగాను. ఒక్క కుట్టు కదల్లేదు.

ఇంటికి తెచ్చి నాయన వీపుకు నేనే తగిలించాను. ఖాళీ సంచితో వరండాలో రెండు సార్లు నడిచి, “శానా తేలిగ్గా ఉంది పాపా” అన్నాడు. తర్వాత ప్రతి శనివారం పులివెందుల నుంచి రాగానే అడిగేదాన్ని. బాగుందిలే అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

ఒక శనివారం బడి ఒంటిపూట విడిచారు. జమ్మలమడుగు బస్టాండులో దిగేసరికి ఎదురుగా నాయన, పల్లె బస్సు దిగుతున్నాడు. సంచి వీపున లేదు. పట్టీలు వెనక్కి వేసుకుని, సంచిని రొమ్ముకు కట్టుకుని, రెండు చేతులూ దానిచుట్టూ వేసి, కాలితో మెట్టు తడుముకుంటున్నాడు.

“ఏంది నాయనా ఇది? వీపుకు కదా వేసుకోమనింది!”

“లోపల స్వామి ఉండాడు కదా పాపా. ఆయన్ను వీపెనకాల ఎట్ల తగిలించుకునేది?”

గర్భగుడిలోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికొచ్చే మనిషి. స్వామికి వీపు చూపడం ఏనాడూ ఎరగడు. చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగినదాన్ని. అయినా అంగట్లో కుట్లు చూశాను, జిప్పు చూశాను, లోపల ఏం పెడతాడన్నది నాకు తట్టనేలేదు.

అప్పుడైనా తగ్గాల్సింది. ఇంకో దారి వెతకాల్సింది. నాకు కోపమొచ్చింది. అన్నాళ్లూ నాతో అబద్ధం చెప్పాడని ఒళ్లు మండింది.

“అట్లయితే పడు. పడినాక తెలుస్తాది నీకు” అన్నాను, బస్టాండంతా వినేటట్టు.

“అంత తిరిగి తెచ్చినావు, చెప్తే బాధపడతావని చెప్పలే” అన్నాడు మెల్లగా.

సోమవారం పొద్దున చెప్పకుండానే పులివెందుల బస్సెక్కాను. బుధవారం బడిలో ఉండగా ఫోనొచ్చింది. బస్సు దిగేటప్పుడు సంచి అడ్డమై మెట్టు కనబడలేదట. చేతులు సంచి చుట్టూ ఉన్నాయి కాబట్టి నేలకు ఊతం పెట్టుకోలేదు. తుంటి ఎముక విరిగింది. నేను ఆస్పత్రికి పోగానే నాయన నన్నడిగిన మొదటి మాట, పెట్టె బాగుందా అని. బాగానే ఉంది. సంచికి ఒక్క దారం తెగలేదు.

నెలన్నర మంచంలో ఉండి కన్నుమూశాడు. నేనన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. తప్పయిందని చెప్పడానికి నాకు నెలన్నర చాల్లేదు. నోట్లోకి వచ్చేది, మింగేదాన్ని.

సాలగ్రామాలు ఇంకొక అర్చకునికి అప్పజెప్పాం. నాయన అస్థికలు పెన్నలో కలపడానికి పుష్పగిరికి పోవలసింది నేనే, ఒక్కతే కూతుర్ని. ముంత గుడ్డలో చుట్టి ఆ సంచిలోనే పెట్టాను. వీపుకు వేసుకోబోయాను. చెయ్యి ఆగిపోయింది. ముందుకు తిప్పి రొమ్ముకు కట్టుకున్నాను.

బస్సు దిగేటప్పుడు కిందికి చూశాను. మెట్టు కనబడలేదు.