మామ మొలతాడు

పోయిన గురువారం పొద్దున బంగారుపేట బడిలో పాఠం చెబుతుంటే మా అమ్మ ఫోన్ చేసింది. "మీ మామ నిద్దరలోనే పోయినాడమ్మా." చేతిలో చాక్‌పీసుతోనే వరండాలోకి వచ్చి నిలబడిపోయాను. మా అమ్మకు అన్న, బంగారు గనుల కేజీఎఫ్‌లో సగం ఊరికి కళ్ళద్దాలు పెట్టిన మనిషి. ఏడుపొచ్చింది. కానీ ఆయన్ను తలుచుకుంటే ఏడుపు ఎక్కువసేపు నిలవదు, అదే చిక్కు.

ఆయనతో మారికుప్పం రైలెక్కితే నెమ్మదిగా కూర్చోవడం కుదిరేది కాదు. స్టేషన్ వస్తోందంటే చాలు, ఎదురు సీటాయన దొరికిపోయేవాడు. "ఏమప్పా, ఆ పసుపు బోర్డు కనపడతాందా? పేరు అందరూ చెప్తారు. కింద సముద్రమట్టం ఎంతని రాసుండాదో అది చదువు!" తడబడ్డాడా, దిగేదాకా వదలడు. "కనపడనోడికి తనకు కనపడలేదనే తెలీదమ్మణ్ణీ. మనమే అడగాల" అనేవాడు నాతో. నాకు మాత్రం సిగ్గేసి కిటికీలోంచి చూసేదాన్ని.

కళ్ళద్దాల అంగడి కొడుక్కి అప్పగించాక, బయటి దేశాల్లో పేద పిల్లల కళ్ళు చూసే డాక్టర్ల బృందంతో తిరగడం మొదలుపెట్టాడు. ఒక వేసవిలో నన్నూ టాంజానియాకు లాక్కెళ్ళాడు. "బడి పిల్లోళ్ళతో మాట్లాడేది నీకు తెలుసు. ఇంట్లో ఊరికే కూర్చోని ఏం జేస్తావు, రా!" అదీ బంగారు గనుల పల్లే. జీపు దిగీ దిగగానే గని మట్టి గుట్టలు చూసి గంతేశాడు. "మన ఊరే ఉండాది చూడు! మన సైనైడ్ దిబ్బలే!" తోటి డాక్టర్లు ఈయనకేమైందోనని కంగారుపడ్డారు.

అక్కడి బడిలో ఒక అమ్మాయి, ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. బంతి మీదికి వచ్చేదాకా కనిపించదు, బోర్డు మీద రాసింది అసలే కనిపించదు. చదువు రావడం లేదు కదా అని తండ్రి బడి మానిపించి బంగారం కోసం మట్టి కడిగే పనికి తీసుకుపోవడానికి ఆ రోజే వచ్చాడు. మామ అద్దాలు పెట్టగానే ఆ పిల్ల బోర్డు చూసి కేకేసింది. "ఇన్నాళ్ళూ అక్కడ అక్షరాలున్నాయా అంటోంది" అని వాళ్ళ టీచరు నాకు ఇంగ్లీషులో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

అంతలో అద్దాలు జారి కిందపడ్డాయి. మామ తెచ్చినవన్నీ మన ముక్కులకు సరిపోయే ఫ్రేములు, ఆ చిన్న ముక్కు మీద నిలవలేదు. "వంగితే పడిపోయేవి మాకెందుకు?" అంటూ తండ్రి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

మామ గిరుక్కున అటు తిరిగి, చొక్కా కింద చెయ్యి పెట్టి, తన నల్ల మొలతాడు విప్పేశాడు! మా ఇళ్ళలో మగవాళ్ళు నడుముకు మొలతాడు లేకుండా ఒక్క పూట ఉండరు. మనిషి పోయాకే దాన్ని తెంచేది.

"మామా, అదేం పని?"

"ప్యాంటుకు బెల్టుండాదిలే!"

పంపు కింద శుభ్రంగా కడిగి, అద్దాల రెండు కొమ్ములకూ కట్టి, తల వెనక ముడేశాడు. పిల్ల వంగింది, ఎగిరింది, తల విదిలించింది. అద్దాలు కదల్లేదు! ఒక్క పరుగున మైదానంలోకి పోయింది. ఎవరో బలంగా తన్నిన బంతిని గాల్లోనే పట్టేసింది. బడి బడంతా ఈల వేసింది, పంతులమ్మనన్న మాట మరిచి నేనూ వేశాను. తండ్రి చెయ్యి ఎప్పుడు వదిలాడో గానీ అందరికన్నా గట్టిగా అరుస్తున్నది ఆయనే. రేపూ బడికే వస్తుందని తనే టీచరుకు చెప్పాడు. మర్నాటికి కళ్ళు బాగున్న పిల్లలు కూడా నల్లతాడు కావాలని మామ వెంటబడ్డారు.

ఇంటికొచ్చాక మా అమ్మ కొత్త తాడు పట్టుకుని ఆయన వెనకే తిరిగింది. "కట్టుకో అన్నా, అట్లుండకూడదు." మామ వింటేగా! "నాది ఆడ పన్జేస్తా ఉండాది గదమ్మా, ఇంగోటెందుకు?" అమ్మ తిట్టింది, అలిగింది, ఆయన మాత్రం మళ్ళీ కట్టుకోనే లేదు.

గురువారం సాయంత్రం స్నానం చేయించే ముందు, మొలతాడు తెంచడానికి అమ్మకు చిన్నాయన వరసయ్యే పెద్దాయన ఒకాయన వంగి మామ నడుమంతా తడిమాడు. "ఏమమ్మా, తాడు యాడ?" అని అమ్మను అడిగాడు. అంతదాకా వెక్కి వెక్కి ఏడుస్తున్న మా అమ్మ నా మొహం చూసింది. ఇద్దరికీ నవ్వాగలేదు.

"వెతకొద్దు చిన్నాయనా" అంది అమ్మ. "అది ఆఫ్రికాలో గోలు కాస్తా ఉండాది."

ఆ నవ్వులోనే నాకు కనిపించింది: ఎర్రమట్టి మైదానంలో ఒక పిల్ల నేల విడిచి ఎగిరింది, రెండు చేతుల్లో బంతి, తల వెనక గాలికి రెపరెపలాడుతున్న నల్లతాడు కొసలు.