వేలు చూపిన పిందె

చిన్నప్పుడు మా నాన్న నన్ను మక్క చేనులో మంచె మీద కూర్చోబెట్టేవాడు. చిలుకలను తోలడం నా పని. బడి గంట అక్కడికి వినిపించేది, కానీ చిలుకలు కూడా బడి వేళకే వచ్చేవి. అట్లా నాకు అక్షరాలు రాలేదు. యాభై దాటిన తర్వాత, పోయిన ఏడాది, మా కోడలు పలక కొనుక్కొచ్చి నేర్పింది. అందుకే ఇది ఇంతకుముందు రాయలేకపోయాను. అసలు చదవడం రానన్నాళ్లు ఈ సంగతి నాకే తెలియదు.

మాది ధర్మసాగర్ పక్కన ఊరు. ఇంటి వెనక జాగాలో గుమ్మడి, సొర పెట్టి హనుమకొండకు తీసుకుపోతాను. ముళ్లకంచెకు అవతల మా మరిది ఇల్లు. ఆయన భార్య, అంటే మా యారాలు, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నా కాన్పులకు నీళ్లు కాచింది ఆమే. నాలుగేళ్ల కింద ఒక పొద్దున కంచె మీంచి నా గుమ్మడి తీగె వైపు వేలు చాపి, "అక్కా, గా పిందె సూడు, ఎంత ముద్దుగున్నదో" అన్నది. పిందెను వేలుతో చూపితే కుళ్లిపోతుందని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాలుగో రోజుకు ఆ పిందె పసుపు తిరిగి రాలింది. తర్వాత మిగతావన్నీ రాలాయి.

నేను ఊరుకోలేదు. వాకిట్లో నిలబడి నలుగురూ వినేటట్టు, "నీ వేలిరగ, నా తీగెను మింగితివి గదనే" అన్నాను.

"ముద్దుగున్నదన్న, గంతేనక్కా" అని ఆమె ఏడ్చింది.

ఆనాటి నుంచి మాటల్లేవు. బతుకమ్మ నాడు గౌరమ్మకు గుమ్మడి పువ్వు కోసం ఆమె కంచె దాకా వస్తే, తీగె నిండా పూలు పెట్టుకుని లేవన్నాను. ఆమె పెట్టిన రెండు తీగెలకూ పిందెలు నిలవలేదు. దేవుడు చూశాడు అనుకున్నాను. ఆమె వాటిని పీకేసింది. ఏటా నా గుమ్మడి అట్లాగే రాలేది. సొర మాత్రం విరగకాసేది. సొర మీదికి ఆమె వేలు చాపలేదు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

మొన్న కొత్త పురుగుమందు డబ్బా తెరిచాను. అందులో మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. ఎప్పుడూ దానితో పొయ్యి అంటించేదాన్ని. ఈసారి అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని, చీమల్లాంటి ఆ అక్షరాలను కూడబలుక్కుంటూ చదివాను. పూత మీద ఉన్నప్పుడు, తేనెటీగలు తిరిగే పొద్దుటి వేళ కొట్టరాదు, కొడితే అవి చనిపోతాయి అని ఉంది.

నేను పొద్దున్నే కొడతాను. ఆ రోజు కూడా కొట్టాను. ఎర్ర పెంకు పురుగు పూలను కొరుకుతుందని, విచ్చుకున్న పువ్వు నోట్లోకే కొడతాను.

"ఈగలు సత్తే మనకేంది బిడ్డా? గిదెందుకు రాసిండ్రు?" అన్నాను.

కోడలు బట్టలు మడతపెట్టడం ఆపింది. "నువ్వు పొద్దుగాల కొడుతానవా అత్తమ్మా?"

"మరెప్పుడు కొడుతరే?"

"అయ్యో! గుమ్మడి పూలు రెండు తీర్లుంటయి గదా. ఒకదాని కింద పిందె ఉంటది, ఇంకోదానికి ఉత్త కాడ. గా ఉత్త కాడ పువ్వుల పొడి పిందె పువ్వుకు అంటాలె. మోసేటియి ఈగలే. అంటకపోతే పిందె రాలుతది. బడిల సదివిన నేను."

"మరి సొరెట్ల కాస్తాంది?" గెలిచాననుకున్నాను.

"సొర పువ్వు ఎప్పుడు ఇచ్చుకుంటది?"

సొర పువ్వు పొద్దుగూకేటప్పుడు విచ్చుకుంటుంది.

లేచి తీగె దగ్గరికి పోయాను. పొద్దుటి పూలు ముడుచుకుని ఉన్నాయి. ఒకటి విప్పాను. లోపల రెండు తేనెటీగలు, కాళ్లకు పసుపు పొడి అంటుకుని, కదలకుండా పడి ఉన్నాయి. ఇంకోదానిలో నల్ల తుమ్మెద, అదీ చచ్చింది. మూడోదానిలో ఎర్ర పెంకు పురుగు నిమ్మళంగా పువ్వును కొరుకుతోంది. నేను చంపాలనుకున్నది అదొక్కటే. మందు కొట్టడం మొదలుపెట్టింది కూడా ఆ మొదటి పిందె రాలిన ఏడే. ఇట్లాంటి ఈగలను నాలుగేళ్లు చీపురుతో ఊడ్చాను. ఊడ్చి, మందు బాగా పనిచేసిందని సంబరపడ్డాను. ఈగలకు కంచె ఏముంది? ఆమె తీగెల మీదికి పోవలసినవి కూడా నా పూలలోనే చచ్చాయి.

పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాను. సొర పూలు తెల్లగా విచ్చుకున్నాయి. బూడిద రంగు రెక్కల పురుగు ఒకటి వచ్చి, వాలకుండా గాలిలోనే నిలబడి, దారమంత నాలుకను ఒక పువ్వులోకి చాపింది. అక్కడి నుంచి ఇంకో పువ్వుకు పోయింది. నా మందు వేళకు అది రాదు, అందుకే బతికింది. సొర కాసింది అందుకే. ఆమె వేలుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

యారాలు బోరు దగ్గర బిందె పట్టుకుంటోంది. "చెల్లె" అన్నాను. ఇంకెవరినో పిలిచాననుకుని వెనక్కి చూసింది.

"పిందెలు నీ వేలుకు రాలలే. నా మందుకు రాలినయి. డబ్బల కాగితం మీద ఉన్నది. నేనే సదివిన."

బిందె నిండి పొర్లుతున్నా ఆమె తీయలేదు.

"నాలుగేండ్ల సంది నేను జెప్తే ఇనకపోతివి. మందు డబ్బల కాగితం జెప్తే ఇంటివా అక్కా?" అన్నది. బిందె చంకకెత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మందు పంపు ముట్టుకోలేదు. రెండు పిందె పూలు విచ్చుకున్నాయి. ఎంతసేపు చూసినా ఒక్క ఈగ రాలేదు. చేత్తో అంటించినా నిలుస్తుందని కోడలు చెప్పింది. ఉత్త కాడ పువ్వు తెంపి, రేకలు గిల్లి, ఒక పిందె పువ్వు లోపల మెల్లగా రాశాను. రెండోదాన్ని ముట్టలేదు. ఎండ ఎక్కితే అది ముడుచుకుంటుంది. ఇంకో ఉత్త కాడ పువ్వు తెంపుకుని కంచె దగ్గరికి పోయి పిలిచాను. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ పిలిచాను. మూడోసారికి ఆమె తడి చేతులతో వచ్చి అవతల నిలబడింది. నేను ముళ్లు పక్కకు లాగి దారి చేసి, పువ్వు ఆమె చేతిలో పెట్టాను.

"ఇగో, గా పిందె" అని నా వేలు చాపి చూపించాను.