ఇప్పచెట్ల మీద ఎర్రగీత

భద్రాచలం నుంచి పర్ణశాలకు బస్సులో పోయివచ్చిన ప్రతివాడూ అడవి చూశానని చెప్పుకుంటాడు. కిటికీ పక్కన కూర్చుని పల్లీలు నములుతూ, తొక్కలు బయటికి ఊదుతూ, ఎంత పచ్చగా ఉందో అని మురిసిపోతాడు. వాడు చూసింది జామాయిల్ తోట. బడిలో ప్రార్థనకు నిలబెట్టినట్టు వరుసగా నిలబడ్డ చెట్లు. కింద గడ్డిపోచ మొలవదు, పైన పిట్ట గూడు కట్టదు, ఆకు రాలితే ఆవు కూడా మూతి పెట్టదు. రాముడు తిరిగిన అడవి ఇదేనని ఆ తోటను చూసి చెంపలు వేసుకున్న వాళ్లను కూడా నేను ఎరుగుదును. కాగితం మిల్లుకు పోయే కట్టెకు దండం పెట్టేవాళ్లతో ఏం మాట్లాడతాం?

నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి. కల్లూరు పక్కన పుట్టి, చిన్న తరగతుల్లోనే బడి వదిలేసి, భద్రాచలంలో ఒక పెయింటరు దగ్గర డబ్బాలు కడగడానికి చేరాను. అందరికీ చదవడం వచ్చాక రాయడం వస్తుంది. నాకు బోర్డులు రాయగా రాయగా చదవడం వచ్చింది. తర్వాత సొంత కొట్టు పెట్టుకున్నాను. ఆదివారం కొట్టు మూసి, సైకిలెక్కి గుట్టలకు పోయేవాణ్ణి. పక్క కొట్లో వాచీలు బాగుచేసే సాయెబు, అడవిలో పెళ్లి సంబంధం ఏమన్నా చూసుకున్నావా అని ఎగతాళి చేసేవాడు. వేట లేదు, కట్టె లేదు, తేనె లేదు, ఉత్త చేతులతో పోయి ఉత్త చేతులతో వచ్చేవాణ్ణి చూస్తే జనానికి అనుమానం. అడవికి పోతే ఏదో ఒకటి కోసుకురావాలి, లేకపోతే పోయినట్టే లెక్క కాదు వాళ్లకు.

నేను పోయే గుట్ట పర్ణశాల రోడ్డుకు దూరంగా, ఒక వాగు అవతల ఉండేది. సైకిలు రోడ్డు పక్క చాయ హోటల్లో పెట్టి, వాగు దాటి ఎక్కాలి. కింద వెదురు, టేకు. కొంచెం పైకి పోతే నల్లమద్ది. దాని బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది. ఎండాకాలం కొన్ని మద్దుల కాండం మీద కణితిలా ఉబ్బుతుంది, అక్కడ గాటు పెడితే నీళ్లు చిమ్ముతాయి, వగరుగా ఉన్నా తాగొచ్చు. ఇంకా పైన బండలు. ఆ బండల సందుల్లో తపసి చెట్లు, సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా, ఆకు లేకుండా. ఉత్తరం వైపు పల్లంలో ఎండ తగలని చోట బండకు నాచు పట్టి, ఫిబ్రవరిలో కూడా వేలు పెడితే తడి తగిలేది. అక్కణ్ణుంచే ఊట పుట్టి కింది వాగులో కలిసేది. ఆ నాచు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఊరికే కూర్చునేవాణ్ణి. దానికి కారణం అడిగినవాళ్లకు నేనెన్నడూ జవాబు చెప్పలేదు. చెబితే అర్థమయ్యేవాడు అడగడు.

గుట్ట మధ్యలో, కాస్త చదునుగా ఉన్నచోట ఇప్పచెట్లు. వాటికి ఆనుకునే ఒక కోయగూడెం. అడవిలో ఉన్నా ఆ ఇప్పలు ఎవరివి వాళ్లవే. ఈ చెట్టు ఫలానా ఇంటిది, ఆ చెట్టు ఫలానా ఇంటిది అని పెద్దల నాటి నుంచి వస్తున్న కట్టు. ఒకరి చెట్టు కింద రాలిన పువ్వు ఇంకొకరు ముట్టరు. ఎలుగుబంటి ఒక్కటే ఆ కట్టు పాటించదు.

ఆ గూడెంలో ఒకామె ఉండేది, నాకంటే పెద్దది, మొగుడు పోయినామె. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్మీ అనేది. పొలం మరుదుల కిందికి పోయింది. ఆమెకు మిగిలింది అత్త నుంచి వచ్చిన మూడు ఇప్పచెట్లు. ఎండలు ముదిరే ముందు వాటి కింద ఆకు ఊడ్చి తగలబెట్టి, నేల నున్నగా చేసుకునేది. తెల్లారకముందు పువ్వు టపటపా రాలుతుంది. ఏరి, ఎండబెట్టి, గుమ్మిలో పోసి దాచుకునేది. వానాకాలం జొన్నలు అయిపోయాక ఆ ఎండిన పువ్వును ఉడకబెట్టుకుని తినేది. ఇప్పపువ్వు అనగానే సారా అని పళ్లికిలించే పట్నపు వాళ్లకు ఈ సంగతి చెప్పినా తలకెక్కదు. ఆమెకు ఆ మూడు చెట్లే బువ్వ.

ఎనభైల్లో ఒక చలికాలం, నేను పోయేసరికి ఆమె పెద్ద ఇప్ప మొదట్లో నిలబడి కొడవలితో బెరడు చెక్కుతోంది. పక్క చెట్లకూ అంతే, రొమ్మెత్తున పట్టీలాగా పైబెరడు లేచిపోయి, లోపలి ఎర్రటి పొర కనబడుతోంది. పైన పేడా మన్నూ కలిపి పూసి ఉంది. గూడెంలో ప్రతి ఇంటివాళ్లూ తమ తమ ఇప్పలకు అదే పని చేశారు. సర్కారు మనుషులు వచ్చి ఇప్పచెట్లన్నిటికీ ఎర్ర రంగుతో గీత గీసిపోయారని, తాము చెరిపేశామని ఆమె చెప్పింది. చెప్తూ కొంచెం నవ్వింది కూడా.

"గీత పడ్డ చెట్టు నిలిచింది నేనైతే చూడలే తమ్మీ. లగ్గమై వచ్చిన కాణ్ణుంచి చూస్తున్న."

ఆమె అన్నది నిజం. అడవిలో కొట్టుడుకు ఇచ్చే ముక్కను కూపు అంటారు. ఆ కూపుకు వేలం పాట పాడినప్పుడల్లా గార్డులు వచ్చి, కొట్టాల్సిన చెట్టుకు గొడ్డలితో బెరడు లేపి, సుత్తితో ముద్ర కొట్టి, రంగు గీసేవారు. వెనకనే కాంట్రాక్టరు మనుషులు వచ్చి గీత ఉన్నదాన్ని పడగొట్టేవారు. నాకూ తెలిసింది అంతే. గీత అంటే చావు. అందులో అనుమానించాల్సింది ఏమీ కనబడలేదు.

అదే వారంలో ఫారెస్టు రేంజి ఆఫీసు వాళ్లు బోర్డు రాయడానికి పిలిచారు. అడవిని కాపాడుదాం అని రాయాలట. నిచ్చెన మీద నిలబడి 'క'కు దీర్ఘం దిద్దుతుంటే కింద గార్డు బీడీ వెలిగించి ముచ్చట పెట్టాడు. ఆ గుట్ట మొత్తం తీసేసి జామాయిల్ పెడుతున్నారని, పండ్ల చెట్లూ ఇప్పలూ మాత్రం ఉంచాలని పైనుంచి చెప్పారని, అందుకే వాటికి గీతలు గీసి వచ్చామని అన్నాడు. నేను కుంచె ఆపి, గీత గీసినవి కొట్టేవి కదా అని అడిగాను.

"అది పాత కూపు లెక్క పెయింటరూ. ఇప్పుడు అన్నీ కొట్టుడే గదా. ఉంచేటివి తక్కువున్నయ్, గందుకని వాటికే గీసినం. రంగు కలిసొస్తది."

రంగు కలిసొస్తుందని ఆ మహానుభావులు గీతకున్న అర్థాన్ని తిరగేశారు. ఆ సంగతి గూడెంలో ఒక్క మనిషికి చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. పశువుల మేతకు కట్టే పుల్లరికీ, మేకల జరిమానాకీ మాత్రం వీళ్లకు ఆ గూడెం దారి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

నిచ్చెన దిగి లోపలికి పోయాను. ఆఫీసరు కోస్తావైపు మనిషి, కొత్తగా వచ్చాడు, బూట్లకు అడవి మట్టి అంటకుండా జాగ్రత్తగా ఉద్యోగం చేసేవాడు. జరిగింది చెప్పి, మళ్లీ గీతలు గీయించమని అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, బోర్డు రాయడానికి వచ్చావా మీటింగు పెట్టడానికి వచ్చావా అన్నాడు. సర్కారు గీత చెరిపినందుకు వాళ్ల మీద కేసు పెట్టకుండా వదిలేయడమే ఎక్కువన్నాడు. గీత లేకపోతే ఉంచే చెట్టు ఏదో కూలివాళ్లకు ఎలా తెలుస్తుందని నేను ఇంకోమాట కదిపితే, ఫైలు మీంచి తల ఎత్తకుండానే తేల్చేశాడు.

"గీత ఉంటే చెట్టు, లేకపోతే కట్టె. అంతే."

అంత చదువు చదివి అడవి గురించి ఆయన నేర్చుకున్నది ఆ ముక్క. బయటికి వస్తుంటే గార్డు మెల్లగా, గీత ఎవరు గీసిందీ కూలివాళ్లు అడగరు కదా అని గొణిగాడు. వాడిలో కొంచెం మనిషి మిగిలే ఉన్నాడనుకున్నాను. తొందరపడి అనుకున్నాను.

మర్నాడు కొట్టు తెరవలేదు. ఎర్ర రంగు డబ్బా, కుంచె సైకిలుకు తగిలించుకుని పోయాను. గూడెంలో మగవాళ్లు చాలామంది గోదావరి ఒడ్డు పొలాలకు కోతలకు పోయారు. ఉన్న పెద్దమనిషికి అంతా వివరంగా చెప్పాను. ఆయన నా మొహం చూడలేదు, డబ్బానే చూశాడు. నేను రేంజి ఆఫీసు బోర్డు రాస్తుండగా తమవాళ్లు చూశారన్నాడు. ఆఫీసుకు పని చేసేవాడు ఆఫీసు మాటే చెప్తాడన్నాడు. తమ ఇంటి చెట్ల దగ్గరికి రానీయలేదు. ఆయన్ను నేను తప్పుపట్టను. ఇన్నేళ్లుగా గీత గీసినవాడెవడూ వాళ్లకు నిజం చెప్పి ఎరగడు.

అక్క దగ్గరికి పోయాను. ఆమె పెద్ద ఇప్పకు వీపు ఆనించి నిలబడింది. చెప్పిందంతా విన్నది. చివరికి అన్నది:

"నువ్వు కల్లలాడుతున్నవని అంటలే తమ్మీ. కానీ నీ చేతుల ఉన్నది వాళ్ల రంగే గదా."

"రంగు నా కొట్టుది అక్కా. నమ్ము. గీత లేకపోతే మూడూ పోతయ్."

"గీత ఉండి పోయినయ్ చూసిన. గీత లేకుండ పోయినయ్ చూడలే."

ఎదుటి మనిషి కళ్లారా చూసినదాని ముందు, నేను ఒక ఆఫీసు వరండాలో విన్నమాట ఎంత? అయినా వదలలేదు. బతిమాలాను, కోప్పడ్డాను, ఒట్టు పెట్టాను. ఆమె మూడు చెట్ల మధ్యా తిరిగి, ఒక్కోదాని మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత బండల పక్కన ఉన్న చిన్న ఇప్ప దగ్గర ఆగింది. అది సరిగా ఎదగలేదు, పువ్వు కూడా అంతంతే.

"దీనికి రాయి. పోతే గిదే పోతది."

పెద్దదానికి రాయనిమ్మని మళ్లీ అడిగాను. తల అడ్డంగా ఊపింది. చిన్నదానికే గీత గీశాను. జీవితంలో అంత శ్రద్ధగా ఏ షాపు బోర్డూ రాయలేదు.

నరుకుడు మొదలైన రోజు నేను అక్కడ లేను. తర్వాత ఆమె చెప్పింది. ఎక్కడివో కూలీలు, వీళ్ల భాష రాదు. ముందు పెద్ద ఇప్పను పడగొట్టారు. గీత లేదు కాబట్టి అడిగే పనే లేదు. చిన్నదాని దగ్గరికి వచ్చారు. గీత చూశారు, రంపం భుజానికెత్తుకుని పక్కనుంచి పోయారు. ఆమెకు అప్పుడు తెలిసింది. మూడో ఇప్ప అవతల ఇంకా నిలబడే ఉంది. ఇంట్లోకి ఉరికి, గోడలకు పూసే జాజు, ఆ ఎర్రమన్ను గిన్నెతో తెచ్చి, దాని చుట్టూ చేత్తో గీత గీసింది. కూలీలు ఆగారు. ఆగి గార్డును పిలిచారు. గార్డు వచ్చి గోటితో గీరి చూశాడు.

"జాజు నడవదు. ఆఫీసు రంగే ఉండాలె."

నా కొట్టు రంగు ఆఫీసు రంగెలా అయిందో ఆ గార్డునే అడగాలి. నాకు ఉపాయం చెప్పిన గార్డు వాడే. ఆమె చెట్టును వాటేసుకుంటే ఇద్దరు పట్టుకుని పక్కకు తీశారట. ఆ ఇప్ప కట్టె మిల్లుకు కూడా పనికిరాలేదు, ఇటుక బట్టీకి పోయింది. గూడెంలో మిగతావాళ్ల చెట్లూ అంతే. చైత్రంలో పువ్వు రాలాల్సిన చోట వరుసగా గుంతలు తవ్వి జామాయిల్ మొక్కలు పెట్టారు. రెండో ఏటికి పైన బండల సందులో నాచు ఎండిపోయి, గీరితే పొడి రాలింది. గుట్ట మీద మొక్కలు బాగా అంటుకున్నాయని ఆఫీసరుకు మెచ్చుకోలు దొరికింది, మంచి చోటికి బదిలీ అయింది. వాళ్లకు జరిగేవి అవే.

కొత్త ఆఫీసరు వచ్చాడని తెలిసిన తర్వాత ఒక ఆదివారం పోయాను. ఆమె చిన్న ఇప్ప కింద ఆకు ఊడుస్తోంది. చెట్టుకు నా గీత ఉన్నచోట పాత చీర ముక్క చుట్టి, తాడుతో కట్టి ఉంది. దేవతకు కట్టిందేమో అనుకుని అడిగాను. కాదన్నది. గీత చెరిపితే ఏమవుతుందో తెలియదట, ఉంచితే ఏమవుతుందో కూడా తెలియదట. అందుకని కప్పి పెట్టింది. వాళ్లు వచ్చిన రోజు ముందు అడిగి తెలుసుకుని, గుడ్డ విప్పాలో ఉంచాలో అప్పుడు చూసుకుంటానన్నది.

ఊడుస్తున్న చీపురు ఆపి నన్ను అడిగింది.

"నువ్వు ఆఫీసుల తిరిగేటోడివి గద తమ్మీ. కొత్తాయన వచ్చిండట. ఈయన దగ్గర గీతంటే ఉంచుడా, కొట్టుడా?"

తెలియదన్నాను. కనుక్కుని వస్తానన్నాను. సోమవారం పోయి గార్డును అడిగాను. తమకూ ఇంకా చెప్పలేదన్నాడు.