ఎండిన చెరువుకు ఈత పరీక్ష

2002 మే నెలలో నేను మత్స్యశాఖ అభివృద్ధి అధికారిగా తాడిపత్రి వైపు మండలాలు చూస్తున్నాను. నా కింద ఒక ఫీల్డ్‌మ్యాన్ ఉండేవాడు. నా పైన అనంతపురంలో సహాయ సంచాలకులు ఉండేవారు. వారిని ఏడీగారు అనేవాళ్ళం. చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు కౌలుకు ఇప్పించడం, ఆ సంఘాల ఎన్నికలు, తగవులు చూడడం నా పని.

అనంతపురం జిల్లాలో చేపల ఆఫీసరునంటే నవ్వనివారు అరుదు. శిక్షణ కోసం ఒకసారి కాకినాడ వెళ్ళాను. అక్కడి అధికారులు రేవులో ఇసుక మేట వేయడం, బోట్లకు డీజిలు రాయితీ, సంఘాల అప్పులు వంటి పెద్ద పెద్ద సమస్యలు చర్చించుకుంటూ, మీ జిల్లాలో చేపలు ఏ రేవులో దిగుతాయని నన్ను అడిగారు. తాడిపత్రి బస్టాండులో అని చెప్పాను. వాళ్ళు దాన్ని హాస్యం అనుకున్నారు. నేను ఉన్న విషయమే చెప్పాను. మాకు చేపల గంపలు బస్సు టాపు మీది నుంచే దిగేవి.

మా తాతగారి మాట ఒకప్పుడు పదకొండు ఊళ్ళలో చెల్లేది. నా వరకు వచ్చేసరికి ఒక పెట్టెడు కోర్టు కాగితాలు, ఇంటిపేరు మిగిలాయి. నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు మా పెదనాయన, “చేపలు పట్టేదానికి మనోళ్ళకు సర్కారు జీతమిస్తాందా?” అని అడిగారు. పట్టడం కాదు, పట్టేవాళ్ళ సంఘాలను చూసుకోవడం అని వివరించాను. “అట్లయితే ఇంకా కష్టం” అన్నారు. ఇంటిపేరును ఏ కోర్టూ జప్తు చేయలేదు కనుక దాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను. ఎవరినీ ఏదీ అడగకపోవడం ఆ కాపాడుకోవడంలో ముఖ్యభాగం. పల్లెలకు వెళ్ళినా నా మంచినీళ్ళు నేనే తీసుకువెళ్ళేవాణ్ణి.

నేను చెప్పబోయే సంఘం తాడిపత్రికి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక ఊరిది. ఊరి పేరు రాయను. అధ్యక్షుడు ఓబులేసు. అరవై దాటిన మనిషి, వలకు ముడి వేస్తూనే మాట్లాడేవాడు. ఆ ఊరి చెరువు నిండి చాలా ఏళ్ళయింది. చెరువులో సర్కారు కంప మొలిచింది, కంప లేనిచోట పిల్లలు క్రికెట్ ఆడేవారు. సంఘంలో ముసలివాళ్ళు కొందరు పోయారు, కొందరు బెంగళూరులో కట్టడం పనులకు వెళ్ళారు. సభ్యులు ఉండవలసిన కనీస సంఖ్యకు ఏడుగురు తక్కువయ్యారు. ఆ నెలాఖరులోగా ఏడుగురిని చేర్చుకుని కాగితాలు పంపకపోతే చెరువు కౌలును బహిరంగ వేలానికి పెడతామని ఏడీగారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది.

ఎండిన చెరువు కోసం ఇంత పట్టుదల ఎందుకని పాఠకులకు సందేహం రావచ్చు. కాలువ నీళ్ళు ఆ చెరువుకు మళ్ళిస్తారన్న మాట అప్పుడే పుట్టింది. నీళ్ళొస్తే చెరువు ఎవరి చేతిలో ఉంటే చేపలు వాళ్ళవి. చెరువు వేలంలోకి పోతే ఓబులేసు సంఘంలోని వాళ్ళు తమ చెరువులో తామే కూలికి వల లాగాలి. వేలంలో పాడడానికి సిద్ధంగా ఉన్నవాడు అదే ఊరి కేశవయ్య. చేపల కాంట్రాక్టరు. “చేరబోయే వాళ్ళు మత్స్యకారులు కారు, ఆటో డ్రైవర్లు, హమాలీలు. వీళ్ళకు ఈత కూడా రాదు” అని అతను ముందే ఏడీగారికి అర్జీ పెట్టాడు.

అర్జీలో అబద్ధం తక్కువ. ఆ ఏడుగురూ మత్స్యకారుల బిడ్డలే. కానీ చెరువులో నీళ్ళు లేనప్పుడు పెరిగినవాళ్ళు. సంఘంలో చేరాలంటే మా శాఖ నైపుణ్య పరీక్ష పెడుతుంది. అందులో మూడు అంశాలు: వల అల్లడం, వల విసరడం, మనిషి ఎత్తుకు మించిన లోతు నీళ్ళలో ఈదడం. పరీక్షాధికారిని నేను. తోడుగా సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు.

తేదీ చెప్పడానికి వెళ్తే ఓబులేసు చేతిలో ముడి ఆపాడు. “సామీ, అల్లమంటే అల్లుతారు, ఇసరమంటే ఇసురుతారు. ఈదమంటే యాడ ఈదాల? చెరువులో నీళ్ళుంటే నీకు మేమీ బాధ పెడతామా?”

నిబంధనలో చెరువు అని లేదు, నీళ్ళు అని మాత్రమే ఉందని చెప్పాను. అతను ఆపిన ముడి మళ్ళీ అందుకుని, “కేశవయ్య బావిలో ఉండాయి” అన్నాడు.

ఆ బావి నాకు తెలుసు. మా తాతగారు తవ్వించినదే. నలుచదరంగా, నాపరాళ్ళతో, దిగడానికి మెట్లతో, చిన్న కోనేరంత ఉంటుంది. తోటతో సహా అది కేశవయ్య నాయన చేతికి పోయింది. ఆయన ఒకప్పుడు మా ఇంట్లో లెక్కలు రాసిన గుమాస్తా. నేను ఆ తోటలో అడుగుపెట్టి ముప్పై ఏళ్ళయింది. అడగడానికి ఓబులేసునే పంపాను.

కేశవయ్య సంతోషంగా ఒప్పుకున్నాడట. “మునిగేవాళ్ళు మునగనీ అన్నా, నేను కుర్చీ ఏసుకోని చూస్తా” అన్నాడట. ఏడుగురూ పరీక్ష తప్పితే ఆ సంగతి చెప్పడానికి సాక్షి కావాలి కదా.

పరీక్ష నెలలో చివరి రోజున పెట్టవలసి వచ్చింది. అంతకుముందు పది రోజులు ఓబులేసు ఆ ఏడుగురినీ ఒక పాత నాపరాళ్ళ క్వారీ గుంతలో దించి ఈత నేర్పించాడు. ఆ సంగతి నాకు తెలుసు. గుంతలో నీళ్ళు రొమ్ముల వరకే అన్న సంగతి మాత్రం తెలియదు.

ఉదయం ఎనిమిదికి వల అల్లడం అయింది. అందరూ తప్పు లేకుండా అల్లారు. తర్వాత వల విసరడం. దాన్ని చెరువు గర్భంలో, గట్టి నేల మీదే పెట్టాను. విసిరిన వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని కింద పడాలి. అది చూడడానికి నీళ్ళు అవసరం లేదు. మొదటి ఇద్దరూ బాగా విసిరారు. మూడోవాడి వల ఇంకా బాగా విచ్చుకుంది. ఎంత బాగా అంటే కంప పక్కన మేస్తున్న మేకపిల్ల దాని కింద చిక్కింది. మేకలు కాసుకుంటున్న ఆవిడ కర్ర ఊపుకుంటూ వచ్చింది.

“ఏమప్పా, చేపలు లేవని మేకలకు వల ఏస్తాండారా? దీనికి గూడా గవర్నమెంటు ఆర్డరు ఉండాదా?”

ఇన్‌స్పెక్టరు కలం పట్టుకుని, పట్టుబడిన జీవి అన్న గడిలో ఏం రాయమంటారని అడిగారు. వల పూర్తిగా విచ్చుకుంది అని మాత్రం రాయమన్నాను. మేకపిల్ల కాలు వలకన్నులో నుంచి తీయడానికి ఇద్దరు పట్టారు. వల తెగకుండా తీశారు కనుక దాన్ని నైపుణ్యంగానే పరిగణించాను.

పదకొండింటికి బావి దగ్గరికి చేరాం. కేశవయ్య నిజంగానే కుర్చీ వేసుకున్నాడు. నాకూ ఒకటి వేయించాడు. నేను నిలబడే ఉన్నాను. టేపుతో బావి వెడల్పు కొలిచి, నిబంధనలోని దూరానికి ఈ గోడ నుంచి ఆ గోడకు ఎనిమిది మార్లు ఈదాలని లెక్క తేల్చాను. వెదురుబొంగు మీద మనిషి ఎత్తుకు గీత గీసి లోతు చూశాను. గీత మునిగి పైన ఇంకా రెండడుగుల నీళ్ళున్నాయి.

మొదటివాడు దూకాడు. దూకగానే వాడి ముఖంలో ఒక ఆశ్చర్యం కనిపించింది. కింద ఏదో ఉండాలి, లేదు అన్నట్టు. తర్వాత ఈదాడు. రెండోవాడు, మూడోవాడు అంతే. నాకు అర్థం కాలేదు. నాలుగోవాడు కుంటుతున్నట్టు ఈదుతుంటే ఓబులేసు మెట్ల మీది నుంచి అరిచాడు. “ఒరేయ్, రెండో కాలు గూడా ఆడించురా! ఆడ నేల యాడుండాది?”

అప్పుడు బయటపడింది. క్వారీ గుంతలో వీళ్ళందరూ ఒక కాలు నేల మీద ఆనించి, మిగిలిన మూడు అవయవాలతో ఈత నేర్చుకున్నారు. అయినా నేల అందకపోయేసరికి ఆ కాలు తనంతట తాను పని నేర్చుకుంది. నలుగురూ నెగ్గారు.

కేశవయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. ఐదోవాడు సగంలో ఉండగా షెడ్డులో మోటారు మోగింది. బావిలో నీళ్ళు ఊగాయి. “కరెంటొచ్చింది సార్. మళ్ళీ ఎప్పుడిస్తాడో ఏమో. తోట ఎండిపోతాండాది” అన్నాడు కేశవయ్య. అందులో తప్పు పట్టడానికి లేదు. బావి అతనిది, మోటారు అతనిది, ఆ రోజుల్లో కరెంటు వచ్చినప్పుడే నీళ్ళు.

ఆరోవాడు నెగ్గేసరికి నాపరాళ్ళ మీద తడి అంచు అడుగున్నర కిందికి దిగింది. ఇంకా ఏడోవాడు ఉన్నాడు. మారుతి, ఆటో డ్రైవరు, ఇద్దరు బిడ్డల తండ్రి. తువ్వాలు చుట్టుకుని కొబ్బరిచెట్టు వెనక నిలబడి, ఒంటేలుకని నాలుగోసారి వెళ్ళివచ్చాడు. నీళ్ళు గీత కిందికి దిగితే అతని పరీక్ష చెల్లదు. సాయంత్రం ఐదింటికి కాగితాలు అనంతపురంలో ఉండాలి. ఆరుగురే నెగ్గితే సంఘం లేనట్టే.

ఇన్‌స్పెక్టరు మెల్లగా, “రాసేద్దాం సార్, ఎవరు చూస్తారు?” అన్నారు. ఎదురుగా కుర్చీలో అర్జీదారుడు కూర్చున్నాడు. అతను లేకపోయినా జరగనిది నేను రాయను. మోటారు ఆపమని కేశవయ్యకు చెప్పి రమ్మని ఇన్‌స్పెక్టరును పంపాను. ఏ సెక్షను కింద అని కేశవయ్య అడిగాడు. అలాంటి సెక్షను లేదు. అప్పుడు ఫైలు తెరిచి, నిలబడే ఒక ఉత్తరం రాశాను: ప్రజాప్రయోజనం దృష్ట్యా, నైపుణ్య పరీక్ష ముగిసేవరకు, తమ మోటారును నిలుపుదల చేయవలసిందిగా. సంతకం, తేదీ, ముద్ర వేశాను. కేశవయ్య కళ్ళద్దాలు తెప్పించుకుని దాన్ని రెండుసార్లు చదివాడు.

“చేతిరాత మాత్రం మీ తాతదే సార్. ఆలోచన చేసి వారంలో జవాబిస్తా.”

వెదురుబొంగు దించి చూశాను. గీత మీద బెత్తెడు నీళ్ళు మిగిలాయి. ఓబులేసు నా పక్కకు వచ్చాడు. అతని గొంతులో కోపం లేదు. “సామీ, నువ్వు కాగితం రాస్తే ఆయప్ప కాగితం అంటాడు. నోటితో అడుగు. ఒకసారి అడిగితే ఏం పోతాది నీది? అడగకపోతే మాది చెరువు పోతాది.”

ఏం పోతుందో అతనికి చెప్పాలంటే పదకొండు ఊళ్ళ కథ చెప్పాలి. అంత సమయం లేదు. బావి చుట్టూ నడిచి వెళ్ళి, వేసి ఉన్న ఆ రెండో కుర్చీలో కూర్చున్నాను.

“కేశవయ్యా, మోటారు కాసేపు ఆపు. నేను అడుగుతున్నాను” అన్నాను.

ఆ మాటకు తోట మొత్తం నిశ్శబ్దమైందని రాయాలని ఉంది. మోటారు మోగుతూనే ఉంది కనుక అలా జరగలేదు. కేశవయ్య నావైపు చూశాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళవైపు, అందరూ విన్నారా అని చూశాడు. విన్నారు.

“మా నాయన ముప్పై ఏండ్లు మీ అరుగు కింద నిలబడి అడిగినాడు. మీరు ఇంతవరకు మమ్మల్ని ఏమీ అడగల్యా” అని లేచి, తానే షెడ్డుకు వెళ్ళి మోటారు కట్టేసి వచ్చాడు. వస్తూనే ఇంటి పెద్దలా పెత్తనం తీసుకున్నాడు. “యాడ వాడు? ఆ ఆటో వాన్ని తీసుకరాండప్పా! సార్ నన్ను అడిగి ఆపించినాడు, ఉత్తపున్యానికి కాదు!”

మారుతి మెట్లు దిగి, దండం పెట్టి, కళ్ళు మూసుకుని దూకాడు. మునిగాడు. తేలాడు. కుడికాలు నేల కోసం వెతుకుతూ, ఎడమకాలు దాని పని కూడా చేస్తూ, గోడ పట్టుకున్నాడు. ఒకటి. అందరికంటే గట్టిగా లెక్కపెట్టినవాడు కేశవయ్య. నాలుగోసారి మారుతి నడుమ ఆగి, “అన్నా, నా చాత కాదు, దుడ్లిచ్చినా ఒద్దు” అని కేక పెట్టాడు. కేశవయ్య బావి గట్టు మీద గొంతుకూర్చుని, “థూ నీ యబ్బ, ఊపిరి తీసుకో! అరిచే దమ్ముంటే ఈదే దమ్ము ల్యాదా? నా బావిలో ఓడిపోతావా రా?” అని గద్దించాడు. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదో గోడ ముట్టుకున్నప్పుడు మొదట చప్పట్లు కొట్టినవాడూ అతనే. ఎవరికి చప్పట్లు కొడుతున్నాడో ఆ క్షణాన అతనికి గుర్తున్నట్టు లేదు.

వెదురుబొంగు మళ్ళీ దించాను. గీత మునిగే ఉంది. కొలత రాసుకున్నాను.

పరీక్ష పత్రం చివర స్థానిక పెద్ద ఒకరు సాక్షిగా సంతకం చేయాలి. పత్రాన్ని కేశవయ్య ముందు పెట్టాను. ఏడుగురూ తన ఎదుట, మనిషి ఎత్తుకు మించిన లోతులో ఈదారని అందులో ఉంది. చదివాడు. “నన్నే అడుగుతాండారా?” అన్నాడు. నిన్నే అన్నాను. సంతకం చేశాడు.

ఇన్‌స్పెక్టరు రెండింటి బస్సు ఎక్కి నాలుగున్నరకల్లా అనంతపురంలో కాగితాలు ఇచ్చారు. మర్నాడు ఏడీగారు ఫోను చేసి, అర్జీదారుడి పేరు, సాక్షి పేరు ఒకటే ఎలా అయ్యాయని అడిగారు. ఒకే మనిషి కనుక అని చెప్పాను. అర్జీ మూసేశారు, కౌలు సంఘానికే వచ్చింది. కాలువ నీళ్ళు ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. వచ్చిన ఏడాది చెరువులో చేపపిల్లలు వదలడానికి నేనే వెళ్ళాను. మారుతి నడుము లోతులో నిలబడి వదిలాడు. అంతకంటే లోపలికి వెళ్ళడానికి ఇష్టపడలేదు. పట్టిన చేపలు సంఘం దగ్గర నుంచి కొన్నవాడు కేశవయ్యే.

ఆ తర్వాత పదవీ విరమణ వరకు, ఎవరికైనా ఉత్తర్వు రాయబోయే ముందు ఒకసారి వెళ్ళి నోటితో అడిగి చూసేవాణ్ణి. సగానికి పైగా ఉత్తర్వులు రాయవలసిన అవసరం రాలేదు. మిగిలినవి రాశాను. వాటిలో చాలావాటికి ఇప్పటికీ జవాబు రాలేదు.