కమాను కింద గాజుపలక

హోసూరులో దిగేసరికి ఉదయం ఆరున్నర. సన్న తుంపర, ఎదురుగాలి. తొంభైల చివరి సంవత్సరాలవి. సైన్యంలో మా ఇంజనీరు దళం నుంచి నలుగురం, ఒక లారీ, రెండు వైర్‌లెస్ సెట్లు. ఆజ్ఞ ఒక్కటే. కృష్ణగిరి దాకా పాత దండుబాట మీదున్న వంతెనలు, అడ్డుగోడలు, మైలురాళ్లు చూసి, ఏది చరిత్రగా నిలపదగ్గదో, ఏది తీసేయవచ్చో రాయాలి. గడువు పదకొండు రోజులు.

తొమ్మిదో రోజు మూడు కమానుల రాతి వంతెన వచ్చింది. కట్టించింది మా ముత్తాత. డెంకణికోట దగ్గర మాది ఒకప్పటి పాలెగార్ల ఇల్లు. భూములు పోయాయి. మిగిలింది ఒక వెండిపిడి గొడుగు, ఒక కథ. కట్టేటప్పుడు కమాను కింద ఆనించిన చెక్కలు లాగేసిన రోజు, కూలితే తన మీదే కూలాలని ముత్తాత దాని కింద నిలబడ్డాడట. ఆ కథ చెప్పేటప్పుడు నాన్న ఎన్నడూ కూర్చునేవాడు కాదు.

నడి కమానులో పగులుంది. ఊరి రాతిపని మేస్త్రి, డెబ్బై ఏళ్లవాడు, పగులుకు అడ్డంగా పలచటి గాజుపలక పెట్టి, రెండు కొసల్లో సిమెంటు అద్ది బొటనవేలితో నొక్కాడు. ఒక రోజు ఆరనిచ్చాం. బరువు నింపిన మా లారీ మూడుసార్లు దాటాలి. గాజు నిలిస్తే వంతెన ఉంటుంది. పగిలితే వంతెన కదిలినట్టే.

మేస్త్రిని కింద నిలబడి గాజు చూడమన్నాడు మా నలుగురికీ పెద్దైన సుబేదారు.

“మా ముత్తాత నిలబడిన చోటు,” అన్నాను.

మేస్త్రి నా వైపు చూడలేదు. “నిలబడింది మీ ముత్తాత కాదు సామీ, మా తాత. మీవాళ్లు ఆ గట్టు మీద గొడుగు కింద ఉండినారు. పడితే కట్టినోడి మీదనే గదా పడేది.”

కోపం వచ్చింది. అబద్ధమని మాత్రం అనలేకపోయాను. ఆ గొడుగు మా ఇంట్లోనే ఉంది.

“నువ్వు గట్టెక్కు మేస్త్రీ. ఈ పొద్దు నేనుంటా.”

సెట్టులో డ్రైవరు గొంతు: “అన్నా, మీ ముత్తాత బిరిడ్జి మీదికి వస్తా ఉండా. హారన్ కొట్టేదా, దండం పెట్టేదా?”

“నోరు మూసుకొని మెల్లగా రాప్పా.”

మొదటిసారి మట్టి రాలింది. రెండోసారి మెడ మీద నీటి చుక్కలు పడ్డాయి. మూడోసారి టక్‌మని చిన్న చప్పుడు. గాజు మీద వెంట్రుకంత గీత. చూసింది నేనొక్కడినే.

“గాజు ఎట్లుంది?” సుబేదారు.

బొటనవేలు అడ్డం పెడితే కనబడని గీత. గొడుగు గుర్తొచ్చింది.

“పగిలింది సాబ్.”

“సరిగ్గా చూసినావా?”

“చూసినాను సాబ్.”

పత్రంలో కట్టినవారి పేరు దగ్గర మేస్త్రిని అడిగి వాళ్ల తాత పేరు రాశాను. చారిత్రక విలువ: ఉంది. సిఫారసు: తొలగించాలి.

సెలవు మీద ఇంటికి వెళ్లి నాన్నకు చెప్పాను. అంతా నిలబడే విన్నాడు. చివర కూర్చున్నాడు.

ఇప్పుడక్కడ కొత్త వంతెన ఉంది. బస్సు దాని మీదికి ఎక్కిన ప్రతిసారీ నాకు కనబడేది అదే. గాజు మీద వెంట్రుకంత గీత, పక్కన సిమెంటులో మేస్త్రి బొటనవేలి ముద్ర.